మతేయో ఆపినన్ని

రాజోలు దగ్గర ఒక ఊరు. శనివారం, పొద్దు వాలుతున్న వేళ. వసారాలో చెక్క మంచం మీద అన్న జీవన్, పక్కన పీట మీద చెల్లెలు ఝాన్సీ. లోపలి గదిలో వాళ్ల మామ్మ అమ్మాజీ.

“మానేసేడన్నయ్యా.”

“ఎవరు?”

“మతేయో. ఇంక ఆడడంట.”

“ఊఁ.”

“విన్నావా?”

“విన్నాను.”

“ఏమీ అనవేంటి?”

“ఏమనాలి? నలభై ఏళ్లొచ్చిన గోల్‌కీపరు మానెయ్యక ఏం చేస్తాడు. ఎప్పుడంట?”

“నిన్న. కాదు, మొన్న. ఫోన్లో చూసేను.”

“నిన్నా, మొన్నా?”

“మొన్న.”

“గురువారం.”

“ఆఁ, గురువారం. స్పెయిన్‌లో వాళ్ల ఊరోళ్లంతా వచ్చేరంట. పూలదండ... దండ కాదు, పూలగుత్తి ఇచ్చేరంట.”

“మంచినీళ్లియ్యి.”

“ఇదిగో. తల కొంచెం ఎత్తు. చాలా?”

“చాలు.”

“బాధగా ఉందా?”

“లేదు.”

“పన్నెండేళ్ల నుంచి చూస్తున్నావు గదా అతన్ని. కొంచెం కూడా లేదా?”

“నడుం కింద ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది. వదిలెయ్.”

“ఝాన్సీ, ఒసే, ఆ తెల్ల వోణీ వేసి చూసుకున్నావా లేదా? రేపు ఏడింటికల్లా రేవులో ఉండాలన్నారు అయ్యగారు.”

“చూసుకుంటాను మామ్మా.”

“చూసుకుంటాను, చూసుకుంటాను అంటానే పొద్దుపోయింది. బాప్తిస్మం అంటే ఆటా? లోపల మందంగా ఇంకో పరికిణీ ఉండాలి, తడిస్తే ఒంటికి అతుక్కుంటది. పోయినేడు స్టీఫెన్‌గారమ్మాయి ఎంత ఇబ్బంది పడిందో.”

“అన్నయ్యతో మాట్లాడుతున్నాను మామ్మా.”

“తర్వాత మాట్లాడొచ్చు. వాడిప్పుడు లేచి పరిగెత్తిపోతాడా?”

“మామ్మా.”

“ఏమన్నాన్నే ఇప్పుడు?”

“ఉండనియ్యి ఝాన్సీ. నిజవేగా.”

“నీకు కోపం రాదా?”

“రావట్లేదు. మరి ఆఖరి ఆట ఏది?”

“పోయిన ఆదివారందే. అప్పుడు నాకూ తెలీదు అదే ఆఖరిదని.”

“ఏడు ఆపేడన్నావు.”

“ఏడు.”

“వారమంతా పూటకి ఏడుసార్లు లేచేను.”

“ఆఁ, లేచేవు.”

“మరి రేపట్నించి?”

“అదే అడుగుదామని...”

“అడగడానికేముంది? వాడు ఎన్ని బంతులాపితే నేను అన్నిసార్లు చేతుల మీద నడుం ఎత్తాలి. అదీ మన లెక్క. వాడు లేడు. అయిపోయింది.”

“అలా అనకన్నయ్యా. పూటకి కనీసం ఐదుసార్లు ఎత్తకపోతే మళ్లీ పుండు పడుద్దని నర్సు గంగాదేవి సిస్టరుగారు చెప్పలేదూ? మొదటి ఎండాకాలం ఏమైందో గుర్తులేదా?”

“గుర్తుంది. నా వీపు నాకు కనపడదు గానీ వాసన తెలిసేది.”

“ఈసారి అలా అయితే బతకడం కష్టమన్నారు కాకినాడ ఆస్పత్రిలో.”

“అన్నారు.”

“మరి?”

“మరేంటి?”

“ఇంకో గోల్‌కీపర్ని చూసుకుందాం. ఆ టీములోనే కొత్తతను వచ్చేడు. పొడుగ్గా ఉంటాడు. కుడిచేతివైపు బాగా దూకుతాడంట.”

“ఎవడో తెలియనోడి కోసం నేను లేవను.”

“మతేయో నీకు తెలుసా ఏంటి? వాడికి నువ్వు తెలుసా?”

“వాడికి నేను తెలియక్కర్లేదు.”

“నేను చెయ్యమని కూడా అనలేదు అసలు. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చేక గోడకేసి తిరిగి పడుకునేవాడివి. ఊరికే ఉండలేక పేపరు చదివినట్టు చదివేను, మతేయో ఆరు ఆపేడని. నువ్వు ఆరుసార్లు లేచేవు.”

“నేనూ అనుకుని చెయ్యలేదు. ఒకసారి లేచేక మిగతా ఐదూ బాకీ ఉన్నట్టనిపించింది.”

“ఇప్పుడూ అలాగే...”

“పుస్తకం తే.”

“ఏ పుస్తకం?”

“మతేయోది. మొదట్నించీ చదువు. మానేసినోడికి ఆ మాత్రం చెయ్యాలి.”

“ఇప్పుడా? మామ్మ పిలుస్తుంది.”

“పిలిస్తే వెళ్దువుగాని. తే.”

“సరే. ఇదిగో, మొదటి పేజీ. నీ అక్షరాలు ఎంత లావుగా ఉండేవో. ‘మతేయో. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. తొమ్మిదో ఏట నుంచి వాళ్ల ఊరి ఫుట్‌బాల్ టీములోనే ఉన్నాడు. పంతొమ్మిదో ఏట మొదటి పెద్ద ఆట. వాళ్ల నాన్న పడవ మీద వేటకి వెళ్తాడు.’ దాని కింద ఎర్ర ఇంకుతో, ‘మా నాన్న కొబ్బరిచెట్లు ఎక్కుతాడు’ అని రాసేవు.”

“అదెందుకు రాసేనో.”

“గర్వంగా రాసినట్టుంది.”

“తర్వాతది చదువు.”

“‘ఈవేళ పెనాల్టీ ఆపేడు. నేను కూడా నాన్న పైనుంచి విసిరిన బొండాలు పదిహేడు పట్టేను. ఒకటి జారింది.’ ఇది నాకు గుర్తుంది. ఆ జారిందే నా కాలి పక్కన పడింది.”

“నిన్ను అక్కడ నిలబడొద్దన్నాను.”

“తర్వాత, ‘మనం ఈ సంవత్సరం కింద లీగుకి పడిపోయేం. ఆఖరి ఆటలో వాన. బంతి మతేయో చేతుల్లోంచి జారింది. తప్పు మతేయోది కాదు, వానది.’ మనం అని రాసేవు, చూసేవా?”

“తప్పు వాడిదే.”

“నువ్వే గదా రాసేవు.”

“పదమూడేళ్లప్పుడు రాసేను. తడి బంతిని వేళ్లతో పట్టకూడదు. గుండెకి హత్తుకోవాలి. తడిసినదాన్ని దేన్నీ వేళ్లతో పట్టకూడదు.”

“నేను చదివింది చెట్టు సంగతి కాదన్నయ్యా.”

“నేనూ బంతి సంగతే చెప్పేను. చదువు.”

“‘మతేయో టీము మారలేదు. అందరూ వెళ్లిపోయేరు. కింద లీగులోనే రెండేళ్లు ఆడేడు.’ తర్వాత పేజీలో, ‘మనం పైకి వచ్చేసేం.’ అంతే రాసేవు. పేజీ అంతా ఖాళీ.”

“ఆనందమొస్తే రాయబుద్ధి కాలేదు.”

“ఏవిటే ఆ చదువుడు? ఆ తెల్లోడి చరిత్రేనా?”

“ఆయ్, మామ్మా.”

“మూడో కాన్పుకి ఉందన్నావు వాళ్లావిడ. అయిందా?”

“అది... అయింది మామ్మా.”

“ఏం పిల్ల?”

“ఆడపిల్ల.”

“చల్లగా ఉండాలి. పేరేం పెట్టేరు?”

“మార్త.”

“బైబిలు పేరే పెట్టేరు. మంచోళ్లు.”

“మార్తా?”

“ఆఁ.”

“నాకు చెప్పలేదు నువ్వు.”

“నువ్వు అడగలేదు. ఇదిగో, ఇది విను. ‘పెద్ద టీమోళ్లు పిలిచేరు. మతేయో వెళ్లలేదు.’ ఎందుకెళ్లలేదో రాయలేదు నువ్వు.”

“వాడు చెప్పలేదు. అడిగినోళ్లతో, ఇక్కడ గాలి ఏ నెలలో ఎటు తిరుగుద్దో నాకు తెలుసు, అక్కడ తెలీదు అన్నాడంట. ఇంకేమీ అనలేదు.”

“భుజానికి ఆపరేషన్ అయినప్పటిది కూడా ఉంది. ముప్పై ఆరో ఏట. ‘పదకొండు నెలలు. ఇంక రాడంటున్నారు.’ తర్వాత పది పేజీల్లో వారం వారం ఒక్కటే మాట. ‘రాలేదు.’ ‘రాలేదు.’ ‘రాలేదు.’”

“ఎన్ని రాలేదులు?”

“నలభై నాలుగు. తర్వాత, ‘వచ్చేడు.’”

“ఊఁ.”

“ఇక్కడ్నించి నా రాత.”

“చదువు.”

“అవి నీకు చెప్పినవేగా.”

“మళ్లీ చదువు.”

“ఏదో ఒకటి చదువుతాను. ‘ఆదివారం. వాన. తొమ్మిది ఆపేడు. ఒకటి కాలితో. అవతలి టీములో ఏడో నంబరు వాడు పొగరుబోతు. మతేయో వాడి మొహం చూడకుండా బంతిని మాత్రమే చూసేడు. ఆట అయ్యేక వాళ్లమ్మ చేపల పులుసు పంపింది.’”

“స్పెయిన్‌లో చేపల పులుసు.”

“సముద్రం పక్క ఊరు గదా. చేపలుంటాయి.”

“ఉంటాయి. తొమ్మిది ఆపిన ఆ వారం నా జబ్బలు పడిపోయినాయి.”

“తర్వాత వారం నాలుగే గదా.”

“అవును. నేను మూలిగితే మళ్లీ ఆదివారం తక్కువ ఆపేవాడు. నాకు జొరం వచ్చిన వారం?”

“ఆట లేదు. మైదానంలో నీళ్లు నిలిచిపోయినాయి.”

“వీపు మళ్లీ ఎర్రబడింది చూడు, ఆ వారం?”

“పదకొండు.”

“పదకొండు. పాపం, నా గురించి బాగా పట్టించుకున్నాడు.”

“ఎందుకలా మాట్లాడతావు?”

“ఎలా?”

“ఏం లేదు. పేజీ తిప్పుతున్నాను.”

“ఝాన్సీ, రేపు నీళ్లలోకి దించేముందు అయ్యగారు అడుగుతారు, తెలుసుగా? దాచిపెట్టుకున్న అబద్ధం ఏదైనా ఉందా అని.”

“అందరి ముందరా మామ్మా?”

“అందరి ముందరే. ఇశ్రాయేలు అయ్యగారి గొంతు అవతలి ఒడ్డుకి వినపడుద్ది. నేనైతే చింతపండు దొంగిలించిన సంగతి చెప్పేను. రేవంతా నవ్వేరు. నీకేముంటాయిలే, నోట్లో మాటే రాదు నీకు.”

“ఏమీ లేదు అనేస్తే?”

“లేకపోతే లేదనే అనాలి.”

“ఉండి?”

“ఉండి లేదంటే అవి ఒట్టి గోదారి నీళ్లే. రోజూ గేదెలు మునగట్లేదూ? మీ తాత అనేవాడు ఆ మాట. ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే.”

“ఊరికే అడిగితే ఊరికే ఉండు. లాజరు వచ్చే వేళయింది. ఆ లెక్కేదో మొదలెట్టండి. లేకపోతే వాడు ఆ దోమల్లో అలాగే నిలబడతాడు.”

“ఎవరు నిలబడతారు?”

“మామ్మా, వద్దు.”

“వద్దేంటే? మీ నాన్నరా. రెండేళ్ల నుంచీ అంతే. సైకిలు దిగి గోడవతల నిలబడతాడు. మీ లెక్క పూర్తయ్యేక బెల్లు కొట్టుకుంటా ఇప్పుడే వచ్చినట్టు లోపలికొస్తాడు.”

“రోజూనా?”

“వానొచ్చినా. ఈమధ్య తలగుడ్డ కప్పుకుని నిలబడుతున్నాడు.”

“నాకెవరూ చెప్పలేదు.”

“నువ్వు చెప్పనిచ్చేవా? వాడి పేరెత్తితే గోడకేసి తిరుగుతావు. ఆరోజు వాడికి జొరం రాకపోతే వాడి బదులు నువ్వు ఆ తడి చెట్టు ఎక్కేవోడివీ కాదు, పడేవోడివీ కాదు. అది వాడికి గొంతులో ముల్లులా ఉండిపోయింది.”

“నేను ఆయన్నేమీ అనలేదు.”

“అదేరా. రెండేళ్లు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండును వాడికి. నేను పొయ్యి మీద అన్నం చూడాలి.”

“ఝాన్సీ.”

“ఊఁ.”

“నీకు తెలుసా, నాన్న అలా నిలబడతాడని?”

“తెలుసు. లెక్క గట్టిగా చెప్పమన్నారు నాన్న. అందుకే అరిచేదాన్ని. నువ్వు విసుక్కునేవాడివి, చెవుల్లో అరుస్తావేంటని.”

“అమ్మకి కూడా చెప్తున్నావా ఈ లెక్క?”

“అమ్మే అడుగుద్ది. శుక్రవారం కువైట్ నుంచి ఫోను చెయ్యగానే ముందు అదే. తిన్నారా అని కాదు. ఈ వారం ఎన్ని అని.”

“నిన్న ఏం చెప్పేవు?”

“ఏడు. అది చెప్పి ఫోను మామ్మకిచ్చేసేను.”

“మానేసేడని చెప్పలేదా?”

“లేదు.”

“గురువారమే మానేసేడు గదా. నిన్న చెప్పొచ్చుగా.”

“అన్నయ్యా, నీకొకటి చెప్పాలి. రేపు రేవులో చెప్పకముందు నీకు చెప్పాలి.”

“చెప్పకు.”

“చెప్పాలి.”

“నాకు వినాలని లేదు. లైటెయ్యి.”

“వేస్తాను. కానీ చెప్తాను. మతేయో మొన్న మానెయ్యలేదు.”

“ఝాన్సీ.”

“రెండేళ్లయింది. నువ్వు ఇంటికొచ్చేక ఆరో వారం. మే నెలలో. నేను ఫోన్లో చూసేను. నీ వీపు అప్పుడే మానుతోంది. చెప్పలేకపోయేను. ఆ ఆదివారం ఐదు ఆపేడని చెప్పేను. ఊరికే, ఆ ఒక్క వారానికే అనుకున్నాను. తర్వాత ఇంకో వారం. అవన్నీ నేను రాసినవే. వానలూ, ఆ ఏడో నంబరు పొగరుబోతు, పులుసు, అన్నీ. ఆ మే నుంచి ఒక్క ఆట కూడా నిజం కాదు. వాళ్ల మూడో పిల్ల కూడా లేదు.”

“మార్త కూడా లేదా?”

“నవ్వకు.”

“నవ్వట్లేదు.”

“తిట్టు.”

“ఎందుకు?”

“తిట్టన్నయ్యా. లేకపోతే కొట్టు. చెయ్యి అందుద్ది గదా, ఇటు జరుగుతాను.”

“జూన్‌లో ఆటలుండవే.”

“ఏంటి?”

“ఆ దేశంలో మే నెలాఖరుకి ఆటలైపోతాయి. మళ్లీ ఆగస్టులోనే. జూన్ అంతా మైదానంలో గడ్డి పెంచుకుంటారు.”

“అంటే?”

“మన రాజోలు టోర్నమెంటులాగా ఏడాది పొడుగునా ఎప్పుడు పడితే అప్పుడు పెట్టరు వాళ్లు. మొదటి జూన్‌లో నువ్వు నాలుగు ఆటలు చెప్పేవు. రెండో జూన్‌లో ఐదు.”

“నీకు తెలుసా?”

“మొదటి జూన్ మొదటి ఆదివారం నుంచే.”

“ఇన్నాళ్లూ?”

“ఇన్నాళ్లూ. నువ్వు స్కూలుకి వెళ్లేక మామ్మ చేత పుస్తకం తెప్పించుకుని చదివేవాణ్ణి. మామ్మకి కళ్లద్దాల్లేవు, ఏ పుస్తకమో ఆవిడకి తెలీదు. పులుసు ఆట బాగా రాసేవు.”

“మరి ఎందుకు లేచేవు? వాడు ఆపలేదని తెలిసి కూడా?”

“తెలీదు.”

“చెప్పు.”

“తెలీదన్నాను గదా. నువ్వు తొమ్మిది అని చెప్పి, కళ్లు దించేసుకునేదానివి. లేవకపోతే నిన్ను పట్టిచ్చేసినట్టుండేది.”

“నేను నిన్ను మోసం చేసేననుకుని ఎన్ని రాత్రులు డైరీలో రాసుకున్నానో తెలుసా?”

“తెలీదు. డైరీ నేను చదవలేదు.”

“రేపు రేవులో ఏం చెప్పను?”

“ఉన్నది చెప్పు. స్పెయిన్‌లో లేని ఆటలు ఆడించేనని చెప్పు. అయ్యగారికి అర్థం కావడానికి కొంచెం టైము పడుద్ది.”

“అందరూ నవ్వుతారు.”

“మామ్మ చింతపండుకీ నవ్వేరు.”

“రేపట్నించి నేను ఏ అంకె చెప్పినా అది నా అంకే అని నీకు తెలిసిపోయింది. నాకూ తెలిసిపోయింది. ఇంక నా నోట అంకె రాదన్నయ్యా. నువ్వు లేవవు. నాకు తెలుసు నువ్వు లేవవు.”

“అదేంటి, సైకిలు చప్పుడేనా?”

“ఆఁ. నాన్న. గోడ దగ్గర ఆగేరు.”

“బెల్లు కొట్టలేదా?”

“ఎలా కొడతారు? మనం మొదలెట్టలేదు గదా.”

“కనపడుతున్నాడా?”

“తలగుడ్డ మాత్రం కనపడుతుంది. అటు తిరిగి ఉన్నారు.”

“నా చేతులు మంచం పట్టెలకి సరిగ్గా ఆనించు. కుడిది ఇంకొంచెం కిందకి.”

“ఎన్ని చెప్పను?”

“నువ్వేమీ చెప్పకు. అరవను కూడా అరవకు.”

“అరవకపోతే ఆయనకి వినపడదు. అక్కడే నిలబడిపోతారు.”

“పక్కకి జరుగు. నాన్నా. ఓ నాన్నా. ఆ సైకిలు అక్కడ పడేసి లోపలికి రా. ఈపూట లెక్క నువ్వు చెప్పాలి.”